ఎలుగు వినేలా ఎలుగెత్తండి

(ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడికి ఆవల ఒక కొండవార పల్లె. జీడిపిక్కల కాలం మొదలయ్యే ముందు ఒక సాయంత్రం బడి ఆవరణలో ఎలుగుబంట్ల గురించి చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు కూర్చున్న పిల్లలు కాస్త జరిగి వెనక నిలబడ్డ అమ్మలకి చోటివ్వండి బాబూ. ఈ మాటలు ముందుగా వినాల్సింది వాళ్ళే. తోటల్లో పిక్కలు ఏరేది వాళ్ళు, చీకటితో లేచి తట్ట పట్టుకుని బయల్దేరేది వాళ్ళు.

నాది శ్రీకాకుళం జిల్లా మందస పక్క. అత్తవారిది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీను రెండు ముక్కలైంది. చుట్టరికాలు మాత్రం ముక్కలు కాలేదు. అందుకే నేను రెండు పక్కల మనిషిని. కాలేజీలో చాలా ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. కానీ ఇవాళ మాట్లాడేది ఆ పాఠం కాదు. మా మావయ్య మొహం గురించి చెబుతాను, దాని నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను.

మా మావయ్యకి ఉద్దానంలో మూడెకరాల జీడితోట ఉండేది. ఉద్దానం అంటే ఉద్యానమే, మీకు తెలుసు. కొబ్బరి, జీడి, పనస, మునగ, ఒకదాని నీడలో ఒకటి. ఒక చైత్ర మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకి ఆయన తోటకి వెళ్ళాడు. కాళ్ళకి చెప్పులు లేవు. ఇసక నేల, అడుగు చప్పుడు కాదు. చేతిలో లైటు ఉంది గానీ వెలిగించలేదు. ఎందుకు వెలిగించలేదో తర్వాత చెబుతాను, అసలు సంగతి అక్కడే ఉంది. మూడో వరస చెట్ల దగ్గర చెదల పుట్ట ఉంది. ఆ పుట్టలో తల దూర్చి ఒక ఎలుగు ఉంది. ఆయనకీ దానికీ మధ్య దూరం ఈ బల్లకీ ఆ గుమ్మానికీ ఉన్నంత. అది తలెత్తింది. లేచి నిలబడింది. ఒకే ఒక్క దెబ్బ. ఎడమ కన్ను, బుగ్గ, పైపెదవి సగం పోయాయి. ఆ తర్వాత అది వెనక్కి చూడకుండా డొంకలోకి పారిపోయింది.

ఆయన ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. పెళ్ళిళ్ళకి రావడం మానేశాడు. చిన్నపిల్లలు జడుసుకుంటారని తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఒకసారి నేను అడిగాను, మావా, దాని మీద నీకు కోపం లేదా అని. "అది నన్ను చూడలేదురా, నేను దాన్ని చూడలేదు. ఇద్దరం జడుసుకున్నాం. దాని చేతికి గోళ్ళున్నాయి, నా చేతికి లేవు" అన్నాడు. పుస్తకాల్లో నేను చదివిన దానికంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ ఉంది.

ఆ గోళ్ళ సంగతి చూద్దాం. ఎలుగు ముందుకాలి గోరు ఇంత ఉంటుంది, నా చూపుడువేలంత. మనల్ని చీల్చడానికి పెరిగినవి కావవి. రాయిలా గట్టిపడిన చెదల పుట్టని తవ్వడానికి పెరిగాయి. పై దవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి గాలి బుస్సున ఊది మట్టి తోలేస్తుంది, తర్వాత చెదల్ని జుర్రున లోపలికి పీలుస్తుంది. మట్టి ముక్కులోకి పోకుండా ముక్కుపుటాలు మూసుకోగలదు. ఆ ఊదే, పీల్చే చప్పుడు మీలో చాలామంది వినే ఉంటారు. మంచె మీద పడుకుని నేనూ విన్నాను. నిశిరాత్రి తోట మధ్యలో ఎవరో పంపు వేసి ఆపుతున్నట్టు, ఆగి ఆగి వస్తుంది. 1791లో ఒక ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ గోళ్ళూ ఈ పళ్ళూ చూసి ఇది ఎలుగే కాదనుకున్నాడు. దక్షిణ అమెరికాలో చెట్లకి వేలాడే బద్ధకపు జంతువు ఒకటుంది, ఆ జాతిదని రాశాడు. అందుకే ఇంగ్లీషులో దీన్ని ఇప్పటికీ స్లోత్ బేర్ అంటారు. బద్ధకం దీనికి లేనే లేదు. పరుగులో మనం దీనికి చాలం.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. పుట్టలో తల దూర్చి, అంత చప్పుడు చేస్తూ తింటున్న జంతువుకి మీ అడుగు వినిపిస్తుందా? దానికి చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పది కాదు. ముక్కు మాత్రం చాలా గట్టిది. కానీ గాలి మీ వైపు వీస్తుంటే ఆ ముక్కూ పనిచెయ్యదు. మీరు దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి మీరు దాని మీద పడ్డట్టే ఉంటారు. దాని లెక్క ప్రకారం దాడి చేసింది మీరు.

ఇంకోటుంది. దీని పూర్వీకులు బతికింది పులులూ చిరుతలూ ఉన్న అడవుల్లో. చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. పరిగెడితే పులి పట్టుకుంటుంది. అందుకని ఎదురు తిరిగి, నిలబడి, మొహం మీద కొట్టడం నేర్చుకుంది. మనిషిని తినడానికి కాదు, భయంతో కొడుతుంది. ఆ దెబ్బ తలకీ మొహానికీ తగులుతుంది, మన ఎత్తు దానికి సరిగ్గా అక్కడ కుదురుతుంది.

ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్లలో అమెరికా వీడియోలు చూపిస్తున్నారు. ఇంటి పెరట్లోకి నల్ల ఎలుగు వస్తుంది, ఒకావిడ గిన్నె మీద గరిటె కొట్టి అరుస్తుంది, అది దబదబా చెట్టెక్కేస్తుంది. బాబూ, అది వేరే జాతి. అక్కడి నల్ల ఎలుగు భయపడితే చెట్టెక్కుతుంది, పిల్లల్ని కూడా చెట్టెక్కించి పంపుతుంది. చలికాలమంతా గుహలో నిద్రపోతుంది. మన ఎలుగు అలా నిద్రపోదు, ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. పిల్లల్ని చెట్టెక్కించదు, వీపు మీద ఎక్కించుకుని ఎదురు నిలబడుతుంది. ఆ వీడియోలో ఆవిడ చేసిన పని నువ్వు మన తోటలో పది అడుగుల దూరంలో చేస్తే మీ అమ్మకి కడుపుకోత మిగులుతుంది. రెండూ నల్లగా ఉంటాయి, అంతవరకే పోలిక.

ఎలుగులు పెరిగిపోయాయి అని మీరందరూ అంటున్నారు. నేనూ వింటున్నాను. మా చిన్నప్పుడు ఏడాదికోసారి కబురు వచ్చేది, ఇప్పుడు వారానికోసారి వస్తోంది. ఇది అబద్ధం అనను. కానీ పందితో పోల్చి చూడండి. అడవిపంది ఒక్క ఈతకి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది, ఏటా పెడుతుంది. ఎలుగు ఒక ఈతకి ఒకటో రెండో, ఎప్పుడో మూడు. ఆ పిల్లలు తల్లి వెంట దాదాపు రెండేళ్ళు ఉంటాయి. అంతవరకు ఆ తల్లి మళ్ళీ ఈనదు. ఇలాంటి జంతువు పదేళ్ళలో పుట్టగొడుగుల్లా పెరగడం జరిగే పని కాదు. మరి ఎందుకు ఇన్ని కనిపిస్తున్నాయి? కొన్ని పెరిగి ఉండొచ్చు. ఎక్కువ భాగం మాత్రం దగ్గరికొచ్చాయి.

ఎందుకొచ్చాయో మన ఊళ్ళోనే కనిపిస్తుంది. ఎలుగుకి ఇల్లు రాతిగుట్ట. పెద్ద బండల మధ్య చల్లటి సందు కావాలి, పగలు పడుకోవడానికి, ఈనడానికి. టెక్కలి నుంచి ఇటు ఎన్ని గుట్టలు గ్రానైట్ పలకలై లారీలెక్కాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పపువ్వు ఏరే కాలంలో చెట్టు కింద ఆకులు తగలబెడతాం, ఆ మంట కొండంతా పాకుతుంది. రేగు, తునికి, పరికి పొదలు మాడిపోతాయి. అవి ఎలుగు తిండి. ఇటు చూస్తే కొండ దిగగానే మన తోటలు. నీడ ఉంది. చెదలున్నాయి. జీడిపండు ఉంది, పనస ఉంది, బావిలో నీళ్ళున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం చెట్లని పడగొట్టిందే, ఆ మానులు ఏళ్ళ తరబడి తోటల్లో పడి ఉన్నాయి. మట్టిలో పడ్డ మాను చెదలకి అన్నం. చెదలు ఎలుగుకి అన్నం. తోటని బాగుచేసుకునే డబ్బు లేక మా వాళ్ళు వదిలేసిన చోట డొంకలు లేచాయి. ఆ డొంకల్లోనే ఎలుగులు పగలు పడుకుంటున్నాయి. సముద్రం వైపు మొగలి పొదల్లో కూడా అంతే.

ఎలుగు కొండకి చెందిందీ, మనం తోటకి చెందినవాళ్ళమూ అని ఒక గీత ఉండేది. ఆ గీత ఇప్పుడు లేదు. తోట ఇద్దరిదీ అయింది. ఇది నాకు ఇష్టమా అంటే, నా మావయ్య కన్ను గుర్తొచ్చిన ప్రతిసారీ కాదు అనే అంటాను. కానీ అయిపోయింది. ఒకే తోటలో రెండు కాపురాలున్నప్పుడు ఎవరి వేళ వాళ్ళకుండాలి.

ఆ వేళల గురించే ఇవాళ నేను వచ్చింది.

దయచేసి కేలండరు మనసులో పెట్టుకుని వినండి. ఎలుగు సాధారణంగా కార్తీకం నుంచి పుష్యం మధ్య గుహలో ఈనుతుంది. కూనలు పుట్టినప్పుడు గుడ్డివి. రెండు మూడు నెలలు తల్లి వాటిని బయటికి తేదు. ఎప్పుడు తెస్తుంది? మాఘం, ఫాల్గుణం. మన పిక్కలు రాలడం ఎప్పుడు మొదలు? అదే మాఘం, ఫాల్గుణం. అంటే వీపు మీద పసికూనల్ని ఎక్కించుకుని, నెలల ఆకలితో, తల్లి ఎలుగు కొండ దిగే రోజులూ, మన ఆడవాళ్ళు తోటకి వెళ్ళే రోజులూ ఒకటే. కూనలున్న తల్లి కంటే భయపడే జంతువు ఇంకోటి లేదు. ఆపైన వైశాఖం, జ్యేష్ఠం వాటి జతకట్టే కాలం, మగవి ఎక్కువ తిరుగుతాయి. అప్పుడే పనస మగ్గుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుంది. తోటలో ఒక రైతు ప్రాణం పోయింది, మర్నాడు ఇంకొందరు గాయపడ్డారు. ఆ ఎలుగుని మత్తిచ్చి పట్టుకున్నారు, విశాఖ జూకి తీసుకెళ్తుంటే దారిలోనే చచ్చిపోయింది. ఆ ఊళ్ళో చుట్టాలున్న ప్రతి ఇంట్లో ఆ నెలంతా రాత్రి పొయ్యి ముందు అదే మాట.

ఇప్పుడు, మావయ్య లైటు ఎందుకు వెలిగించలేదో చెబుతాను.

పక్క తోట వాళ్ళకి కనిపించకూడదని. రాత్రి రాలిన పిక్కల్ని తెల్లారేసరికి ఎవరో ఏరుకుపోతున్నారని ఆయనకి అనుమానం. వాళ్ళని పట్టుకోవాలని చీకట్లో, చప్పుడు లేకుండా, లైటు లేకుండా వెళ్ళాడు. పక్క తోట ఆయన కూడా మావయ్య మీద ఇదే అనుమానంతో నాలుగింటికే లేచేవాడని తర్వాత తెలిసింది. రాలిన పిక్క రెండు గంటలు నేల మీద ఉంటే పాడవదమ్మా. ఒక రోజున్నా పాడవదు. చీకటితో వెళ్ళమని పిక్క మనల్ని అడగట్లేదు. మనిషి మీద మనిషికి నమ్మకం లేక వెళ్తున్నాం. ఎండ ముదరకముందే పని అవుతుందనేది నిజమే, కాదనను. కానీ ఏడింటికి మొదలుపెట్టినా పదింటికి అయిపోతుంది.

అందుకని నేను మీ ఊరి పెద్దల్ని ఒక్కటే అడుగుతున్నాను. పిక్కల కాలం నాలుగు నెలలూ, పొద్దు పొడిచి ఏడయ్యేవరకు ఎవరూ ఏ తోటలోకీ వెళ్ళకూడదని ఊరంతా ఒక కట్టుబాటు పెట్టుకోండి. సాయంత్రం ఐదున్నరకల్లా బయటికి వచ్చేయాలి. ఏడుకి ముందు ఎవరు తోటలో కనిపించినా దొంగే, వాడి సొంత తోటైనా సరే. జరిమానా గుడికి. అమ్మవారి సంబరానికి చందా ఎంతివ్వాలో కట్టుబాటు పెట్టుకునే ఊళ్ళం మనం. ఇది పెట్టుకోలేమా? ఒక్కరు మానేస్తే లాభం లేదు, ఆ ఒక్కరి పిక్కలు పోతాయి. అందరూ ఒకేసారి మానితే ఎవరిదీ పోదు. మా పక్క ఊళ్ళో మా వాళ్ళం కొందరం కలిసి ఈ మాట మీద నిలబడి రెండు కాలాలు గడిచాయి. మొదటి వారం గొడవ పడ్డాం. తర్వాత ఆడవాళ్ళే దాన్ని కాపాడుతున్నారు, ఎందుకంటే తెల్లవారుజాము నిద్ర వాళ్ళకి దక్కింది.

ఇక వెళ్ళేటప్పుడు. మన తెలుగులో ఎలుగు అంటే ఈ జంతువే కాదు, గొంతు కూడా. ఎలుగెత్తి పిలిచాడు అంటాం కదా. దారి పొడుగునా ఎలుగెత్తండి. ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళండి, పెద్దగా మాట్లాడుకోండి, పాట పాడండి, కర్రతో చెట్టు మానుని కొడుతూ నడవండి. గుజరాత్‌లో ఎలుగులున్న ఊళ్ళలో కర్రకి గంట కట్టుకుని నడవడం నేర్పుతున్నారు. మన దగ్గర ఆవు మెడ గంట దొరకని ఇల్లు లేదు. అది కర్రకి కట్టండి. తోట అంచున నిలబడి ముందు ఒక కేక వేసి, రెండు నిమిషాలాగి లోపలికి వెళ్ళండి. తింటున్నది తల పైకెత్తుతుంది, వింటుంది, దాని దారిన పోతుంది. పోవడానికి దానికి టైమివ్వడమే మనం చెయ్యాల్సిన పని. చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోనులో పాట వింటూ నడిచే కుర్రాళ్ళు వినండి, నువ్వు వినే పాట దానికి వినిపించదు, దాని చప్పుడు నీకు వినిపించదు. ఆ తీగలు పీకి పాటని పైకే పెట్టు.

కుక్కని వెంట తీసుకెళ్ళొద్దు. ధైర్యం కోసం తీసుకెళ్తారు, నాకు తెలుసు. అది ఎలుగుని చూసి మొరిగి ఉసిగొల్పుతుంది, తర్వాత భయపడి యజమాని కాళ్ళ దగ్గరికే పరిగెత్తి వస్తుంది. వెనకాలే ఎలుగు వస్తుంది.

దూరంగా కనిపిస్తే ఆగిపోండి. వెనక్కి తిరిగి పరిగెత్తొద్దు. దాని మీద చూపు ఉంచి, నెమ్మదిగా వెనక్కి అడుగులు వేస్తూ దారి వదిలేయండి. చెట్టెక్కొద్దు, అది మనకంటే బాగా ఎక్కుతుంది. కూన ఒక్కటే కనిపిస్తే ముద్దుగా ఉందని దగ్గరికి పోవద్దు, తల్లి ఎక్కడో పదడుగుల్లోనే ఉంటుంది. అన్నీ చేసినా మీద పడిందనుకోండి. ఇది చూడండి, నేనే చేసి చూపిస్తాను. (వేదిక మీద బోర్లా పడుకుని చూపించారు.) బోర్లా పడండి. మొహం నేలకి ఆనించండి. రెండు చేతుల వేళ్ళూ మెడ వెనక ముడివేయండి, మోచేతులు చెవులకి దగ్గరగా. వీపు పోతే కుట్లు వేస్తారు, మొహం పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. అది వదిలి దూరం పోయేదాకా కదలొద్దు. పిల్లలూ, మీరు ఇది ఆటలా నాలుగుసార్లు చెయ్యండి. ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యదు, ఒళ్ళు నేర్చుకున్నదే పనిచేస్తుంది. తలకి మందంగా తువ్వాలు చుట్టుకోవడం కూడా మంచిదే, బండి హెల్మెట్ ఉంటే మరీ మంచిది. నవ్వుతారని మొహమాటపడకండి.

గాయమైతే. మావయ్యకి మొదట పెట్టింది కాఫీపొడి, దాని మీద సున్నం. ఎంతో ప్రేమతోనే పెట్టారు. కానీ తర్వాత డాక్టరు అదంతా కడగడానికి గంట పట్టింది, చీము పట్టింది. ముందు సబ్బూ నీళ్ళూ, పావుగంట ధారగా కడగాలి. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. తర్వాత ఆసుపత్రికి. ఎలుగు గీరినా కరిచినా కుక్క కాటుకి వేసే సూదులు వేయించుకోవాల్సిందే, చర్మం తెగి రక్తం వస్తే దాంతో పాటు రేబిస్ సీరం కూడా కావాలి. అప్పుడు మేం మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ఆ సీరం లేదు. లేదని చెప్పడానికి మూడు గంటలు కూర్చోబెట్టారు. ఆ మూడు గంటలు నేను మర్చిపోలేను. అందుకని బయల్దేరే ముందే ఫోను చేసి ఉందా లేదా కనుక్కోండి. మొహానికి పెద్ద గాయాలైతే మనకి బరంపురం ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రి ఉంది, నేరుగా అక్కడికే. ఫారెస్టు వాళ్ళకి ఆ రోజే కబురు చెప్పండి. గాయం ఏ పక్క జరిగితే ఆ పక్క రేంజి ఆఫీసుకి. ఆసుపత్రి చీటీలు, గాయం ఫొటోలు, జరిగిన చోటు ఫొటోలు దాచుకోండి. సాయం డబ్బు కోసం తిరిగేటప్పుడు కాగితమే మాట్లాడుతుంది.

ఇంటి దగ్గర సంగతి కూడా చెప్పుకుందాం. పిక్క తుంచేసి జీడిపండుని చెట్టు కిందే కుప్ప వేస్తాం. గోవాలో ఆ పండుని పారెయ్యరు, రసం తీస్తారు. మనం కుప్పేస్తాం, అది మగ్గి పులిసి వాసన కొండదాకా పోతుంది. ఆ కుప్ప మీ గుడిసె పక్కన, దారి పక్కన ఉండకూడదు. గోతిలో వేసి మట్టి కప్పండి, రెండేళ్ళలో ఎరువు. ఇంటి పెరట్లో పనస ఉంటే పండనివ్వకండి, లేతగా ఉన్నప్పుడే కోసి పొట్టుకూర చేసుకోండి, సంతకి పంపండి. మా ఊరి అంగన్‌వాడీలో ఒక రాత్రి తలుపు విరిగింది. పొద్దున్న చూస్తే నూనె డబ్బా గోళ్ళతో చీల్చి ఉంది, శనగల సంచీ ఖాళీ, గోడ మీద అరచేయంత నూనె మరక, అందులో ఐదు గీతలు. పిల్లలు ఆ గీతల మీద వేళ్ళు పెట్టి కొలుచుకున్నారు. ఆ గదికి ఇప్పుడు ఇనప తలుపు పెట్టాం, నూనె టీచరమ్మ ఇంట్లో ఉంటోంది. గుళ్ళో కూడా కొబ్బరిచిప్పలూ ప్రసాదమూ రాత్రి ఉంచకండి. జాంబవంతుడి వంశమని దండం పెట్టుకునేవాళ్ళున్నారు, పెట్టుకోండి, మంచిదే. కానీ ప్రసాదానికి అలవాటు పడిన ఎలుగు మనిషి వాసనకి భయపడడం మానేస్తుంది, ఆ తర్వాత జరిగేది ఎవరి చేతుల్లోనూ ఉండదు.

నేల బావుల గురించి అడిగారు ఒకాయన. మీ తోటల్లో గట్టు లేని బావులెన్ని? మూడేళ్ళ కిందట మా తోట బావిలో ఒక ఎలుగు పడింది. తెల్లారేసరికి నాలుగు ఊళ్ళ జనం బావి చుట్టూ ఉన్నారు. సెల్‌ఫోన్లు, రాళ్ళు, కేకలు. లోపల అది ఈదుతూ, గోడ పట్టుకుని జారుతూ, మళ్ళీ ఈదుతూ ఉంది. దాని మొహం పైకెత్తినప్పుడు నేను చూశాను. ముక్కు చుట్టూ బూడిద రంగు, ఛాతీ మీద తెల్లగా గుర్రపు లాడం లాంటి గుర్తు, నోట్లోంచి నురగ. చిన్నపిల్లాడు ఏడుపు ఆపుకున్నప్పుడు వచ్చే చప్పుడు దాని గొంతులోంచి వచ్చింది. ఫారెస్టు గార్డు ఒక్కడే వచ్చాడు, కుర్రవాడు. అతను చేసిన పని ఒకటే. జనాన్ని కాళ్ళా వేళ్ళా పడి రెండొందల గజాల అవతలికి పంపించాడు. మా కొబ్బరి నిచ్చెన తెచ్చి బావిలోకి దించాం. చీకటి పడింది. మేం ఇంటి డాబా మీద కూర్చున్నాం. ఎనిమిదయ్యాక నిచ్చెన మెట్లు కిర్రుమన్నాయి, నీళ్ళు కారే చప్పుడు, ఒళ్ళు విదిలించుకున్న చప్పుడు, తర్వాత కొండ వైపు ఎండుటాకుల మీద అడుగులు. అంతే. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. పొద్దున్న నుంచి ఆ బావి చుట్టూ జనం కదలకపోతే, అది బయటికి దూకి ఉంటే, ఎవరింట్లో ఏడుపు ఉండేదో. గుంపు చూస్తే ఎలుగుకి దారి కనిపించదు. దారి కనిపించనిది మనుషుల మీంచే దారి చేసుకుంటుంది. ఎలుగొచ్చిందని తెలిస్తే ఊరంతా కర్రలతో పరిగెత్తడం దయచేసి మానండి. బావులకి రెండడుగుల గట్టు కట్టించండి, లేకపోతే కనీసం ఒక నిచ్చెన దించి ఉంచండి. పడిన మేక కూడా బతుకుతుంది.

ఒక కష్టమైన మాట. పందుల కోసం తీగ ఉచ్చులు పెడుతున్నారు, కరెంటు తీగలు వేస్తున్నారు, నాటుబాంబులు పెడుతున్నారు. ఎవరని నేను అడగను. ఉచ్చులో కాలు తెగిన ఎలుగు మూడు కాళ్ళతో బతుకుతుంది, దానికి పుట్ట తవ్వడం రాదు, ఊరే దిక్కు. అది మనిషిని చూడగానే కొట్టే ఎలుగు అవుతుంది. మనం తయారుచేసి వదిలిన ఎలుగది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణో ఎలుగుకీ అంతే, మొదటి షెడ్యూలు. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. పసిపిల్లలకి జడుపు తగ్గాలని మెడలో కట్టే ఎలుగు వెంట్రుకల తాయెత్తు కూడా నేరమే. సంతలో వెంట్రుకలు అమ్మేవాడి దగ్గర కొన్న ప్రతి తాయెత్తూ ఎక్కడో ఒక కూనని గుహలోంచి లాగిస్తుంది. అమ్మమ్మలు బాధపడకండి, మా అమ్మమ్మ కూడా నాకు కట్టింది.

పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. మనం ఈ విషయంలోనైనా ఆ పని చెయ్యాలి. మహేంద్రగిరి వైపు కొండ మీద సవర పల్లెల్లో వాళ్ళు ఎలుగుల మధ్యనే ఉన్నారు. ఏ గుట్టలో ఎలుగు ఈనుతుందో, ఏ నెలలో ఏ దారి వదిలేయాలో వాళ్ళకి తెలుసు. పిక్కల కూలికి వచ్చినప్పుడు వాళ్ళని అడగండి, మంచం వేసి కూర్చోబెట్టి అడగండి.

వెనకాల చెయ్యెత్తిన తల్లి అడుగుతోంది, తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్ళాలి కదా, ఏం చెయ్యమంటారు అని. నాకు దీనికి ముందు సిగ్గేస్తోంది తల్లీ, ఆ ప్రశ్న ఇంకా నువ్వు అడగాల్సి రావడం. కట్టిన మరుగుదొడ్డిలో కట్టెలు పెట్టిన ఇళ్ళు నేను వస్తూ నాలుగు చూశాను. ఆ కట్టెలు రేపు బయట పెట్టించండి మగవాళ్ళు. అసలు లేని ఇళ్ళ పేర్లు రాసివ్వండి, బ్లాకు ఆఫీసుకి నేను మీతో వస్తాను, ఒకసారి కాదు, అయ్యేదాకా వస్తాను. అప్పటిదాకా ఒంటరిగా వెళ్ళకండి, లైటు వేసుకుని, మాట్లాడుకుంటూ, డొంకల వైపు కాకుండా ఖాళీ చేను వైపు.

కట్టుబాటు మాట పెద్దలు రేపు రచ్చబండ దగ్గర మాట్లాడతామన్నారు. నేను ఉంటాను. ఇప్పుడు ఏడున్నర దాటింది. పై వీధి వాళ్ళు కొండ దారినే పోవాలి కదా, విడివిడిగా వెళ్ళకండి. గంట కట్టిన కర్ర ఆ కుర్రవాడికివ్వండి, ముందు అతను నడుస్తాడు. మధ్యలో పిల్లలు, వెనక ఇద్దరు లైట్లతో. పాట ఎవరందుకుంటారు?